అప్పుల్లో ఉన్న విశ్వాసి ముందు నోట్‌బుక్ తెరవాలి: తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళకి పనికొచ్చే పద్ధతి

సంఘంలో ప్రార్థన అవసరతలు చెప్పమంటే జ్వరం చెప్తాం, పిల్లల పరీక్షలు చెప్తాం, కొడుక్కి శ్రీసిటీలో ఉద్యోగం రావాలని చెప్తాం, అప్పు సంగతి మాత్రం "ఆర్థిక ఇబ్బందులు" అని రెండు ముక్కల్లో దాటేస్తాం. ఎంత అప్పు, ఎవరికి, ఎంత వడ్డీకి అనేది పాస్టర్ గారికే కాదు, చాలా ఇళ్ళల్లో భార్యకి కూడా తెలీదు, కొన్ని ఇళ్ళల్లో మొగుడికే తెలీదు (డ్వాక్రా లోను ఎత్తి తమ్ముడి చేతిలో పెట్టేసిన అక్కలు ఎంతమంది లేరు చెప్పండి). గోడ మీద మాత్రం "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు" అనే వాగ్దానం ఫ్రేము కట్టి ఉంటుంది, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో ఫైనాన్స్ అబ్బాయి కూర్చుని ఉంటాడు. ఆ వాగ్దానం తప్పని కాదు, కానీ దాన్ని చదువుకుంటా కూర్చుంటే కంతు ఆగదు కదా.

ముందు ఒక మాట తేల్చుకుందాం. అప్పు చేయడమే పాపం అని కొందరు బోధిస్తారు, రోమా 13:8 చూపిస్తారు, నేనైతే అట్ల చదవను. అప్పు అసలే తప్పైతే మత్తయి 5:42లో ప్రభువు అప్పు అడిగేవాడి నుంచి ముఖం తిప్పుకోవద్దని చెప్పడు. తీసుకుని తీర్చకపోవడాన్నే కీర్తన 37:21 భక్తిహీనుల పని అంటుంది. సామెతలు 22:7 అయితే తిట్టకుండా ఉన్న మాట చెప్తుంది, అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడు అని. ఫైనాన్స్ వాళ్ళ బండి శబ్దం వినపడగానే పిల్లోడితో "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అనిపించే ఇంట్లో ఈ వచనానికి వ్యాఖ్యానం అక్కర్లేదు, మన అప్పు కోసం పిల్లోడి చేత కూడా అబద్ధం ఆడించేశాం.

పద్ధతి అంటే నాకు 2 రాజులు 4వ అధ్యాయం కంటే మంచిది కనపడలేదు. ప్రవక్తల శిష్యుల్లో ఒకాయన చనిపోయాడు, భక్తిపరుడే, అయినా అప్పు మిగిల్చిపోయాడు, అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్ని దాసులుగా తీసుకుపోతానంటున్నాడు. ఆమె ఎలీషా దగ్గర మొరపెట్టుకుంటే ఆయన అడిగింది "నీ ఇంట్లో ఏముంది చెప్పు" అని. చూడండి, ముందు లెక్క అడిగాడు. నూనె కుండ ఒకటే ఉందంది. అప్పుడు ఇరుగు పొరుగు దగ్గర డబ్బు కాదు, ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, కొడుకుల్ని లోపల పెట్టుకుని తలుపు మూసుకోమన్నాడు. నూనె పొంగింది, అది దేవుడి పని. అమ్మడం, అప్పు తీర్చడం ఆమె పని, "నూనె అమ్మి అప్పు తీర్చి మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి" అన్నాడు. అద్భుతం జరిగిన తర్వాత కూడా అప్పు కట్టకుండా తప్పించుకునే దారి ఆమెకి చూపించలేదు.

సో, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్యాభర్తలు, ఊహ తెలిసిన పిల్లలుంటే వాళ్ళు కూడా, కూర్చోండి, తలుపు మూసేయండి, ఫోన్లు పక్కన పెట్టేయండి, ఒక నోట్‌బుక్ తీయండి. ఎవరికి ఇవ్వాలి, ఎంత తీసుకున్నాం, ఇప్పుడు అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకి ఎంత పోతోంది, వాళ్ళ దగ్గర మనది ఏముంది (ప్రోనోటా, ఖాళీ చెక్కులా, నగలా, లేక నోటి మాటేనా). కిరాణా కొట్టు ఖాతా, పాలామె బాకీ, బడి ఫీజు బాకీ కూడా రాయాల్సిందే. రాసేటప్పుడు ఒకరి మీద ఒకరు అరుచుకోవడం జరుగుతుంది, జరగనీయండి, కానీ పేజీ నిండేదాకా లేవొద్దు. అన్నీ బయటపడ్డాక ప్రార్థన చేసుకోండి, అప్పుడు దేనికోసం అడుగుతున్నామో అంకెతో సహా తెలుస్తుంది.

ఒక ఇంటి లెక్క వేసి చూపిస్తాను, ఊహించి వేసిందే కానీ తిరుపతి కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఇట్లాంటి ఇళ్ళు కొల్లలు. ఆయన ఆటో నడుపుతాడు, గ్యాసు ఖర్చు పోను నెలకి 22 వేలు. ఆమె బట్టలు కుడుతుంది, 6 వేలు. మొత్తం 28 వేలు. ఆటో ఫైనాన్స్ ఈఎంఐ 7,200. డ్వాక్రా లోను కంతు 3,000. తెలిసినాయన దగ్గర ప్రోనోటు మీద లక్ష, మూడు రూపాయల వడ్డీ, నెలకి 3,000 వడ్డీయే పోతోంది, అసలు కదలడం లేదు. రోజు కంతు వంద రూపాయలది, ఇంకో 60 రోజులుంది, అంటే నెలకి 3,000. ఎత్తేసిన చీటీకి ఇంకా ఎనిమిది నెలలు, 2,500 చొప్పున. బ్యాంకులో ఆమె గొలుసు కుదవ పెట్టి తెచ్చిన 80 వేలు, ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకుంటున్నారు. బావమరిది దగ్గర చేబదులు 25 వేలు, వడ్డీ లేదు. నెలనెలా పోయేది కూడితే 18,700. చేతిలో మిగిలేది 9,300, అందులో ఇంటి బాడుగ 5 వేలు పోతే తిండికీ కరెంటుకీ పిల్లలకీ 4,300. ఇది చాలదు కాబట్టే రోజు కంతు వచ్చింది, రేపు ఇంకొకటి వస్తుంది. మైక్రోఫైనాన్స్ లోన్లకి ఆర్‌బీఐ 2022లో పెట్టిన రూల్ ప్రకారం ఒక కుటుంబం అన్ని అప్పులకీ కలిపి కట్టేది నెల ఆదాయంలో సగం దాటకూడదు, అదే కొలత ఈ ఇంటికి పెట్టి చూస్తే 14 వేలు. వీళ్ళు ఆ గీత ఎప్పుడో దాటేశారు, అయినా లోను ఇస్తామనేవాళ్ళు ఇంకా తలుపు కొడతానే ఉంటారు.

ఇప్పుడు ప్రతి అప్పు పక్కన ఏడాదికి నూటికి ఎంత వడ్డీ పడుతోందో రాయండి, ఎందుకంటే మనల్ని ముంచేది ఈ లెక్క తెలీకపోవడమే. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24, మూడు రూపాయలంటే 36. క్రెడిట్ కార్డులో మినిమం కడుతూ పోతే మామూలుగా నెలకి మూడు, మూడున్నర పడుతుంది, అదీ అంతే. బండి ఫైనాన్స్‌లో "ఫ్లాట్ 10 శాతమే సార్" అంటారు, అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ వేస్తారు కాబట్టి మూడేళ్ళకి నిజంగా పడేది 18కి దగ్గర. రోజు కంతు సంగతి అయితే ఘోరం, పదివేలు అని చెప్పి 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి, చూడ్డానికి 1,500 యే కదా అనిపిస్తుంది, కానీ ఆ డబ్బు వంద రోజులూ మన దగ్గర ఉండదు, మర్నాటి నుంచే వెనక్కి పోతా ఉంటుంది, సగటున మన చేతిలో ఉన్నది నాలుగు వేల చిల్లరే, ఏడాది లెక్కకి తెస్తే నూటికి 120 దాటిపోతుంది.

ఇక్కడ వడ్డీకిచ్చే విశ్వాసులకి కూడా ఒక మాట, కోపం వచ్చినా సరే. నెహెమ్యా 5వ అధ్యాయంలో జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదవ పెట్టి, పిల్లల్ని దాసులుగా ఇచ్చే పరిస్థితికి వస్తే ఆయనకి మండిపోయింది, తిరిగి ఇచ్చేయమన్నవాటిలో "నూరవ భాగం" కూడా ఉంది. చాలామంది దాన్ని నెలకి నూటికి ఒకటి అని చదువుతారు. అంటే రూపాయి వడ్డీకే ఆయన పెద్ద సభ పెట్టి అధికారుల్ని నిలదీశాడు! మనం అదే సంఘంలో పక్క బెంచీ సిస్టర్‌కి మూడు రూపాయలకి ఇచ్చి, ముందు బెంచీలో కూర్చుని సాక్ష్యం చెప్తున్నాం. నిర్గమకాండం 22:25 ఒకసారి తీసి చదువుకోండి.

సరే, అప్పులు తీర్చే వరస. కొత్త అప్పు ఈ రోజు నుంచి లేదు, అది మొదటిది. తర్వాత, పైన చెప్పిన ఇంట్లో అయితే రోజు కంతుని ముందు ముగించేయాలి, 6 వేలే మిగిలింది, రెండు నెలల్లో పోతుంది, మళ్ళీ "రీలోన్ తీసుకో అన్నా" అంటాడు, అక్కడే దండం పెట్టేయాలి. డ్వాక్రా కంతు ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దు, వడ్డీ తక్కువే అయినా మనం ఆపితే గ్రూపులో మిగతా ఆడవాళ్ళ పేరు పోతుంది, అది మన పొరుగువాళ్ళ మీద వేసే భారం.

ఇంక గొలుసు. ఇది చాలా ఇళ్ళల్లో గొడవ. ఆ గొలుసు విలువ 1,30,000 అనుకుందాం, మీద 80 వేల అప్పు ఉంది, ఏళ్ళ తరబడి వడ్డీ కడుతున్నాం, మెడలో వేసుకున్నది లేదు. అమ్మేస్తే బ్యాంకు అప్పు పోతుంది, చేతికి 50 వేలు వస్తుంది, దాన్ని ప్రోనోటుకి అసలు కింద కడితే నెలకి 3,000 వడ్డీ 1,500 అవుతుంది. నా ఉద్దేశం అమ్మేయడమే మేలని. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి, నగ ఆమెది, పుట్టింటివాళ్ళు పెట్టింది, "భార్య లోబడాలి" అని వచనం చూపించి అమ్మించేవాళ్ళు ఎఫెసీ 5:25 కూడా చదవాలి. అమ్మేటప్పుడు గాంధీ రోడ్డులో ఒక్క షాపుతో ఆగొద్దు, రెండు మూడు చోట్ల తరుగు ఎంత తీస్తారో అడగండి, బ్యాంకు నుంచి మేమే విడిపించి కొంటాం అనేవాళ్ళు రేటు కొట్టేస్తారు, నమ్మకమైన బంధువు దగ్గర ఒక్క పూటకి సర్దుకుని మీరే విడిపించుకోగలిగితే మంచి ధర వస్తుంది.

ఇప్పుడు ప్రోనోటులో మిగిలింది 50 వేలు. రోజు కంతు పోయింది కాబట్టి ఆ 3,000లో సగం ఇంటి ఖర్చుకి వదిలేసి (కడుపు మాడ్చుకుంటే ప్లాన్ రెండో నెలకే కూలిపోతుంది), సగం ఇటు తిప్పి, వడ్డీలో తగ్గిన 1,500, ఇంకా పడే వడ్డీ 1,500 కలిపి నెలకి 4,500 కడతాం. ఇంకో ఆరు నెలలకి చీటీ అయిపోయిన తర్వాత ఆ 2,500 కూడా ఇటే, అంటే 7,000. ఇట్ల కడితే ఏడాది లోపే ఆ నోటు తీరిపోతుంది. నేను కాలిక్యులేటర్ పెట్టి నెలనెలా వేశాను, ఆఖరిదైన పదకొండో కంతు ఇంకా చిన్నదే వస్తుంది. లక్ష రూపాయలు, ఎన్నేళ్ళుగానో వడ్డీ మాత్రమే తిన్న నోటు.

బావమరిది 25 వేలకి వడ్డీ లేదు కాబట్టి చివర్న పెట్టండి, కానీ చెప్పకుండా చివర్న పెట్టొద్దు. ఇంటికి వెళ్ళి, ఫోన్లో కాదు, "బావా, నీది మర్చిపోలేదు, ఫలానా నెల నుంచి నెలకి రెండు వేలు ఇస్తాను" అని చెప్పండి. మన దగ్గర చుట్టాలు డబ్బు కంటే ముఖం చాటేసినందుకే ఎక్కువ బాధపడతారు. అప్పులిచ్చిన మిగతావాళ్ళకి కూడా ఇదే, వాళ్ళు రాకముందే మనమే పోవాలి, ఇవ్వగలిగేదానికంటే ఒక వెయ్యి తక్కువ చెప్పండి, చెప్పింది మాత్రం తేదీ దాటకుండా ఇవ్వండి. సామెతలు 6వ అధ్యాయంలో వేరేవాళ్ళ అప్పుకి జామీను ఉండి ఇరుక్కున్నవాడికి నిద్రపోకుండా వెళ్ళి బతిమాలుకోమనే ఉంది.

జామీను అన్నాను కాబట్టి, సంఘంలో బ్రదర్ వచ్చి "ఒక్క సంతకమే కదా, ఊరికే ఫార్మాలిటీ" అంటే చట్టంలో అది ఫార్మాలిటీ కాదు. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 1872 సెక్షన్ 128 ప్రకారం జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం, వాళ్ళు నేరుగా మీ దగ్గరికే రావచ్చు. సాయం చేయాలనిపిస్తే పోయినా పర్లేదనుకునే చిన్న మొత్తం చేతికివ్వండి, సంతకం వద్దు. అప్పుల్లో ఉన్నవాళ్ళయితే అసలే వద్దు.

కానుక సంగతి. అప్పుల్లో ఉంటే దశమభాగం ఇవ్వాలా వద్దా అని పాస్టర్లలోనే రెండు రకాలు ఉన్నారు, దాని జోలికి నేను పోను, ఇచ్చే అలవాటున్నవాళ్ళు ఇవ్వండి. కానీ అప్పు చేసి ఇవ్వడం మాత్రం ఎక్కడా లేదు. మార్కు 12లో విధవరాలు వేసిన రెండు కాసులు ఆమెవే, ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చినవి కావు. 2 కొరింథీ 8:12 లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టి ఇవ్వమంటుంది, 9:7 బలవంతంగా వద్దంటుంది. పెద్ద సభలో స్టేజీ మీద నుంచి "ఈ రాత్రి పదివేల విత్తనం వేస్తే నీ అప్పు తీరుతుంది" అంటే ఆ పదివేలు ఎక్కడ నుంచి తెస్తామో ఆయనకి పట్టదు, మళ్ళీ కంతు కట్టేది మనమే. మా అయ్యగారైతే అప్పు తీరేదాకా కొంచెమే ఇవ్వండి, కానీ సంతోషంగా ఇవ్వండి అంటారు, అది నాకు సరిగ్గా ఉందనిపిస్తుంది.

డిసెంబరు ఇంకో గండం. నెలంతా సెమీ క్రిస్మస్ కూడికలు, అందరికీ కొత్త బట్టలు, స్టారు, కేకు, చుట్టాలకి బిరియానీ. పెళ్ళయితే చర్చిలో ఆరాధన గంటన్నర, కళ్యాణ మండపం రిసెప్షన్ మాత్రం మూడేళ్ళ అప్పు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14:28లో ఉంది, పెళ్ళి కార్డు మీద వేసుకునే వచనాల్లో అది మాత్రం కనపడదు. ఒక క్రిస్మస్‌కి పిల్లలకి మాత్రమే కొని పెద్దవాళ్ళు పాత బట్టల్తో వస్తే సంఘంలో ఎవరూ ఏమనుకోరు, అనుకున్నా కంతు వాళ్ళు కట్టరు.

మన ప్రాంతంలో ఆదాయం నెలనెలా ఒకేలా రాదు, ఇది ప్లాన్‌లో పెట్టుకోవాలి. తిరుపతిలో ఆటో, జీపు, లాడ్జి, టిఫిన్ కొట్టు, ఏ మతం వాళ్ళయినా బతుకు యాత్రికుల రద్దీ మీదే, వేసవి సెలవులూ బ్రహ్మోత్సవాలూ ఉన్నట్టు మిగతా నెలలు ఉండవు. కాబట్టి బాగా వచ్చిన నెలలో ఎక్కువొచ్చినదంతా ఖర్చు చేయకుండా తర్వాతి నెల కంతు ముందే పక్కన పెట్టేయాలి. చిత్తూరు వైపు పల్లెల్లో పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది కాబట్టి చిన్న కంతులు దానికి కట్టేయొచ్చు, కానీ మామిడి మీద వచ్చేదాన్ని నమ్మి ముందుగా అప్పు చేయొద్దు. 2025లో తోతాపురి మామిడి ధర ఏమైందో చూశాం కదా, కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని ప్రకటించాల్సి వచ్చింది, లారీలు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి.

వసూలుకి వచ్చేవాళ్ళకి కూడా హద్దులున్నాయి. ద్వితీయోపదేశకాండం 24:10, 11లో తాకట్టు తీసుకోడానికి అప్పిచ్చినవాడు ఇంట్లోకి దూరకూడదు, బయట నిలబడాలి అని ఉంది. ఆర్‌బీఐ కూడా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ వాళ్ళు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదంటుంది, మైక్రోఫైనాన్స్ వాళ్ళకైతే 9 నుంచి 6 దాకానే. బూతులు తిట్టినా, చుట్టాలకి ఫోన్లు చేసినా ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా కంప్లైంట్ పెట్టండి, నెల లోపు తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్ళొచ్చు, వివరాలకి 14448. ఫొటోలు మార్చి బెదిరించే లోన్ యాప్ అయితే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి ఇంకో యాప్‌లో తీసి కట్టొద్దు. అప్పు బాధతో చచ్చిపోవాలనే ఆలోచన వస్తే 14416 టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఉంది, రాత్రయినా ఎత్తుతారు, అక్కడ మాట్లాడి పాస్టర్ గారికి కూడా చెప్పండి.

"ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేయ్ అన్నా, నోటుకి మూడేళ్ళు దాటితే చెల్లదు, ఏం చేస్తారు" అని సలహా ఇచ్చేవాళ్ళు ఊరంతా ఉంటారు. నిజంగా చేతిలో ఏమీ లేనివాడికి చట్టం దారి చూపించింది, దాన్ని వాడుకోవడం తప్పని నేననను. కానీ స్థలం భార్య పేరున రాయించి ఐపీ పెట్టడం, మూడేళ్ళు గడిచేదాకా కనపడకుండా తిరగడం దొంగతనమే. కోర్టుకి గడువు ఉంటుంది కానీ ఇచ్చిన మాటకి ఉండదు. అసలు కట్టలేని పరిస్థితి అయితే కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థలో అడిగి లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోండి, అక్కడ కుదిరిన దానిమీద అప్పీలు ఉండదు, అందుకే కట్టగలిగేదానికే ఒప్పుకోండి. సలహాకి 15100 నంబరు ఉంది.

ప్రోనోటుకి కట్టే ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి, అసలుకి ఎంత, వడ్డీకి ఎంత అని విడివిడిగా, తేదీ, సంతకంతో. కుదిరితే ఫోన్‌పే చేసి "అసలు కింద" అని మెసేజ్ రాయండి. "మన మధ్య రాతలెందుకు బ్రదర్" అంటే, "నేను రేపు లేకపోతే మా ఆమెకి తెలియాలి కదా అన్నా" అని చెప్పండి, దానికి ఎవరూ అడ్డం చెప్పలేరు. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే వాటి నంబర్లు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, అప్పు తీరాక కూడా వాళ్ళ దగ్గరే ఉండిపోతే వాటితో వాళ్ళు మన మీద చెక్ బౌన్స్ కేసు వేయొచ్చు, నోటీసు వచ్చిన 15 రోజుల్లోపు మీరు తేల్చుకోవాల్సి వస్తుంది. ఆఖరి కంతుకి ఒక్కరే వెళ్ళొద్దు, సంఘ పెద్ద ఒకర్ని తోడు తీసుకెళ్ళండి, డబ్బు బల్ల మీద పెట్టి నోటూ చెక్కులూ చేతికి తీసుకున్నాకే లేవండి. బ్యాంకు, ఫైనాన్స్ అయితే నో డ్యూ సర్టిఫికెట్ అడగండి, ఆటోకి ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి ఫైనాన్స్‌కి తాకట్టులో ఉందనే రాత) తీయించండి, రెండు మూడు నెలలాగి సిబిల్ రిపోర్టు చూడండి, ఏడాదికి ఒకసారి ఫ్రీగానే ఇస్తారు, అందులో ఆ లోను క్లోజ్ అని పడకపోతే అక్కడే డిస్ప్యూట్ పెట్టాలి.